సాలెగూటి ముందు కెమెరాతో

తెలుగువారు ఈ జీవికి పెట్టిన పేరులోనే దాని వృత్తి ఉన్నది. సాలె అంటే నేతగాడు; సాలెపురుగు అంటే నేసే పురుగు. శాస్త్రవేత్తలు అది కీటకం కాదంటారు. కీటకాలకు కాళ్లు ఆరు, దీనికి ఎనిమిది. అయినా పేరులోని మొదటి సగాన్ని ఎవరూ కాదనలేదు, మా ఇంట్లోని ఒక్కరు తప్ప. ఆయన సంగతి ముందు ముందు చెబుతాము. అరబ్బీలో దీని పేరు అన్‌కబూత్. దివ్యఖుర్ఆన్‌లోని 29వ సూరాకు ఆ పేరే ఉన్నది. అంతటి పేరు పొందిన జీవికి మన ఇళ్లలో దొరికే మర్యాద మాత్రం చీపురుకట్ట కొన. రమజాన్ నెలవంకకు వారం ముందు ప్రతి గృహిణీ కర్రకు గుడ్డ చుట్టి మూలమూలలా దులుపుతుంది. మేమూ దులుపుతాము. పరిశుభ్రత విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు. ఈ వ్యాసం ఇంటి మూలల్లోని బూజును గురించి కాదు. ఆరుబయట పొదల మీద వెలిసే గూళ్లను గురించి, వాటిని చెరపకుండా అతి దగ్గరి నుండి ఛాయాచిత్రం తీసే పద్ధతిని గురించి.

వరంగల్ వాసులకు ఇందుకు దూరప్రయాణం అక్కరలేదు. ఖిలా వరంగల్ మట్టికోట వెలుపల, దారి పక్కన పెరిగే పొదలు చాలు. వానాకాలం చివరి నాళ్లలో, అంటే సెప్టెంబరు నుండి నవంబరు వరకు, తంగేడు పసుపుపచ్చగా పూచే రోజుల్లో ఈ గూళ్లు విరివిగా కనిపిస్తాయి. ఇరుగుపొరుగు ఆడపడుచులు బతుకమ్మ కోసం తంగేడు కోయడానికి వచ్చే వేళకు ఆ పూల మధ్యనే, నడుము ఎత్తులో, బండిచక్రం వంటి గూడు ఒకటి వేలాడుతూ ఉంటుంది. మధ్యలో పసుపు, నలుపు, తెలుపు పట్టీల సాలీడు తల క్రిందుగా కూర్చుని ఉంటుంది. ఎనిమిది కాళ్లను రెండేసి చొప్పున జతచేసి గుణకారపు గుర్తులా చాపుతుంది. ఆ కాళ్ల వెంట తెల్లని పట్టుతో వంకరటింకర గీతలు గీసుకుంటుంది. అవి చేవ్రాలును పోలి ఉంటాయని ఇంగ్లీషువారు దీనిని సిగ్నేచర్ స్పైడర్ అన్నారు. శాస్త్రీయ నామం ఆర్జియోపి. ఆ గీతలు ఎందుకన్న దానిపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. కీటకాలను ఆకర్షించడానికని కొందరు, పక్షులు గూటిని చూసి తప్పుకోవడానికని కొందరు, శత్రువుల కన్ను కప్పడానికని మరికొందరు అంటారు. దీని కాటుతో మనుషులకు ప్రాణాపాయం లేదు. పిల్లలను వెంట తీసుకుపోవచ్చు.

ఆడ సాలీడు శరీరం సుమారు ఒక సెంటీమీటరు. మగది అందులో సగానికి మించదు. ఇంత చిన్న జీవిని దాని అసలు పరిమాణంలోనే కెమెరా లోపలి సెన్సర్ మీదికి దించడాన్ని ఒకటికి ఒకటి మాక్రో అంటారు. 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ ఉంటే లెన్స్ అంచుకూ సాలీడుకూ మధ్య జానెడు కన్నా తక్కువ దూరం మిగులుతుంది. ఆ లెన్స్ ఖరీదు సామాన్య కుటుంబానికి బరువే. మేము కొన్నది మాక్రో లెన్స్ కాదు. పాత 50 మిల్లీమీటర్ల లెన్స్‌కూ కెమెరాకూ మధ్య తగిలించే ఖాళీ గొట్టాలు. అందులో గాజు ఉండదు, గాలే ఉంటుంది. లెన్స్‌ను సెన్సర్‌కు దూరం జరపడమే దాని పని. 50 మిల్లీమీటర్ల లెన్స్ వెనుక 50 మిల్లీమీటర్ల గొట్టం పెడితే ఒకటికి ఒకటి వస్తుంది. అయితే జీవికి మరింత దగ్గరగా పోవలసి ఉంటుంది, వెలుతురు తగ్గుతుంది. మొబైల్ ఫోనుకు తగిలించే చిన్న కటకంతోనూ చక్కని చిత్రాలు తీసిన వారిని చూశాము. పరికరం కన్నా నిలబడే చోటు ముఖ్యం.

ఎందుకంటే ఇంత దగ్గరలో స్పష్టంగా కనబడే లోతు నమ్మశక్యం కానంత తక్కువ. ఒకటికి ఒకటి వద్ద, అపెర్చర్ ఎఫ్-8లో, పెద్ద సెన్సర్ మీద ఆ లోతు సుమారు ఒక మిల్లీమీటరు. ఎఫ్-16కు తగ్గిస్తే రెండు మిల్లీమీటర్లు. ఇంకా తగ్గిస్తే లోతు పెరుగుతుంది కానీ కాంతి ఆ చిన్న రంధ్రం అంచున వంగి చిత్రమంతా మసకబారుతుంది. కాబట్టి మిగిలిన ఉపాయం ఒక్కటే: గూడు ఏ తలంలో ఉన్నదో కెమెరా వెనుక భాగం అదే తలంలో ఉండాలి. గూడు కొంచెం వాలి ఉంటే మనమూ అంతే వాలాలి. గోడకు పలక ఆనించినట్టు ఉండాలి, ఆనకూడదు. అలా కుదిరిన నాడు మిల్లీమీటరు లోతులోనే గూడంతా ఇమిడిపోతుంది. ఫోకస్‌ను లెన్స్ వలయంతో తిప్పడం కన్నా, దానిని ఒకచోట నిలిపి, శరీరాన్నే వెంట్రుకవాసి ముందుకు వెనుకకు ఊపుతూ స్పష్టత వచ్చిన క్షణాన మీట నొక్కడం మేలు. సాలీడు ముఖం తీసేటప్పుడు స్పష్టత కళ్ల మీద పడాలి. మిగిలినదంతా మసకైనా చిత్రం నిలుస్తుంది.

ఇక అసలు చిక్కు దారంతో. మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుండి 100 మైక్రాన్లు. సాలీడు దారం కొన్ని మైక్రాన్లు మాత్రమే. ఒకటికి ఒకటి వద్ద కూడా అది సెన్సర్ మీది ఒక్క చుక్క వెడల్పును దాటకపోవచ్చు. మరి దారం చిత్రంలో ఎలా కనబడుతుంది? దాని మందం వల్ల కాదు, దాని మీద పడి మన వైపు మళ్లిన వెలుతురు వల్ల. సూర్యుడు మన వెనుక ఉంటే గూడు మాయమవుతుంది. గూటికి ఆవల, కొంచెం పక్కగా ఉంటే ప్రతి పోగూ వెలుగుతుంది. లెన్స్ మీద ఎండ పడకుండా చేయి అడ్డం పెట్టాలి. గూటి వెనుక నల్లని నీడ ఉండాలి. మట్టికోట గోడ నీడ అందుకు బాగా పనికివస్తుంది. కెమెరా సూచించిన దానికన్నా ఒకటి రెండు మెట్లు వెలుతురు తగ్గించి తీస్తే వెనుక చీకటి మరింత చిక్కబడి, పోగులు వెండి గీతల్లా మిగులుతాయి. సాలీడు ఒంటి మీది రంగులు కూడా కావాలంటే మన వైపు నుండి తెల్ల కాగితం ఒకటి పట్టి ఎండను తిరిగి దాని మీదికి పంపాలి. ఎండ లేని నాడు ఫ్లాష్‌ను కెమెరా నుండి విడదీసి, తెల్ల కాగితం చాటున, గూటికి పక్కగా ఎత్తి పట్టుకుంటాము.

మాకు ఈ నలుపు తెలుపుల తేడా అలంకారం కాదు, అవసరం. మా అబ్బాజాన్ కొత్తవాడలో దశాబ్దాల పాటు దర్రీలు నేశారు. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్లిన వరంగల్ తివాచీల గురించి ఆ వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చిన నాటికి ఆయన మగ్గం దిగి చాలా కాలమైంది. నీటికాసుల వ్యాధి ఆయన రెండు కళ్లనూ క్రమంగా కమ్ముకుంటున్నది. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. మందులు మిగిలిన దానిని కాపాడటానికే. మసక వెలుతురులో, దగ్గరి దగ్గరి రంగుల మధ్య ఆయనకు ఏదీ విడిగా కనబడదు. నల్లని నేల మీద తెల్లని గీత అయితే, అదీ పెద్దదిగా ఉంటే, పోల్చుకుంటారు. గూటి చిత్రాన్ని టీవీ తెర మీద మొదటిసారి చూపించినప్పుడు కుర్చీని తెరకు అడుగు దూరంలోకి జరుపుకొని, ముఖాన్ని పక్కకు తిప్పుకుంటూ, చూపు మిగిలిన వైపు నుండి చాలాసేపు వెదికారు.

"పోగులు కనబడుతున్నాయి బేటా. నిటారుగా పోయేవి పడుగు, చుట్టూ తిరిగేవి పేక. కానీ పేక పడుగు మీద ఎలా నిలుస్తున్నది? ఒకసారి పైనుండి, ఒకసారి కిందినుండి పోవాలి కదా. ఆ చోటు చూపించండి" అన్నారు.

నలభై ఏళ్లు దారాన్ని చూసిన మనిషి అడిగిన ప్రశ్న అది. మాకు అంతవరకు తట్టనేలేదు. ఆ చోటు చూపాలంటే ఒకటికి ఒకటి చాలదు. అసలుకు రెండింతలు పెంచాలి. అప్పుడు లోతు మిల్లీమీటరులో సగానికి కూడా పడిపోతుంది. గాలి ఊదినా, మన శ్వాస తగిలినా ఆ కూడలి చట్రం నుండి తప్పుకుంటుంది. తంగేడు పూత అయిపోతే గూళ్లు ఉండవు. వచ్చే ఏటికి ఆ కళ్లకు ఎంత చూపు మిగులుతుందో అల్లాహ్‌కే ఎరుక.

ఈ స్థితిలో చాలామంది ఛాయాగ్రాహకులు ఒక సులువైన దారి పడతారు. సీసాతో నీరు చిలకరిస్తారు. పోగుల మీద మంచు ముత్యాలు పేర్చినట్టు అవుతుంది, దారం లావుగా కనిపిస్తుంది. గూటి నిర్మాణాన్ని కొలవదలచిన పరిశోధకులు మొక్కజొన్న పిండి చల్లడం కూడా కద్దు. బంధువుల పిల్లవాడొకడు మాకు ఆ సీసా తెచ్చి ఇచ్చాడు. మేము వద్దన్నాము. గూటిలో చుట్టూ తిరిగే పోగు మీద జిగురు బిందువులు ఉంటాయి. ఆ జిగురే దాని జీవనాధారం. పిండి పడితే జిగురు పోతుంది; చిలకరించిన నీరు బరువై పోగులను సాగదీసి ఒకదానికొకటి అంటుకునేలా చేస్తుంది. ఆ పూట దానికి వేట లేదు. కొందరు సాలీడును కదలకుండా చేయడానికి చల్లని పెట్టెలో ఉంచి తెచ్చి గూటి మీద వదులుతారు. అలా తీసిన చిత్రం ఎంత అందంగా ఉన్నా అది గూటిలోని సాలీడు చిత్రం కాదని మా అభిప్రాయం. ఒక ప్రాణి ఆహారాన్ని పాడుచేసి, దాని ఇంటిని నాశనం చేసి దాని సౌందర్యాన్ని మెచ్చుకోవడం ఏ పద్ధతో మాకు బోధపడదు. సహజమైన మంచు ఎలాగూ కార్తెల మార్పుతో వస్తుంది. అది కురిసే ఉదయాన అక్కడ ఉండటమే మన వంతు.

అందుకని ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరేవాళ్లము. సూర్యోదయం నుండి గంటన్నర వరకు గాలి దాదాపు ఉండదు. ఒకరు కెమెరా పట్టుకుంటే మరొకరు గాలి వచ్చే వైపు పాత నల్లగొడుగు తెరచి అడ్డుగా నిలబడాలి. గొడుగు గాలిని ఆపుతుంది, వెనుక నల్లని తెరగానూ పనికివస్తుంది. గూటిని నేలకూ కొమ్మలకూ కట్టిన పొడవాటి పోగులు కంటికి కనబడవు. వాటికి మోకాలు తగిలిందా, గూడంతా జారుతుంది. కాబట్టి అడుగు వేసే ముందు వంగి, వెలుతురుకు ఎదురుగా చూసి, ఏ పోగు ఎటు పోయిందో తెలుసుకోవాలి. అడ్డంగా ఉన్న గడ్డిపరకను కత్తిరించకూడదు, పక్కకు వంచి పట్టుకోవాలి. దానికే గూడు కట్టి ఉండవచ్చు. మనం మరీ దగ్గరకు పోతే సాలీడు గూటిని ముందుకు వెనుకకు గట్టిగా ఊపుతుంది. లేదా నేల మీదికి రాలిపోతుంది. ఊపడం మొదలుపెట్టగానే ఒక అడుగు వెనక్కి వేసి వేచి ఉంటే కొద్దిసేపటికి నెమ్మదిస్తుంది. మా ఇద్దరిలో శ్వాస ఎక్కువసేపు బిగపట్టగలిగిన వారికే కెమెరా దక్కింది. అది ఎవరన్నది ఇంటి రహస్యం.

ఆ రోజుల్లోనే గూడు నేయడాన్నీ చూడగలిగాము. ఈ జాతి సాలీళ్లు చాలావరకు పాత గూటిని విప్పి, ఆ పట్టును తినేసి, తెల్లవారక ముందే కొత్తది కడతాయి. తిన్న పట్టులోని మాంసకృత్తుల్లో అధిక భాగం మళ్లీ కొత్త దారంగా బయటికి వస్తుంది. ముందు ఒక పోగును గాలికి వదులుతుంది; అది ఎదుటి కొమ్మకు అంటుకుంటే వంతెన అవుతుంది. తరువాత చట్రం, ఆపై మధ్య నుండి చక్రపు ఆకుల్లా పోగులు. అవి జిగురు లేని పోగులు. ఆ మీదట నడుమ నుండి వెలుపలికి ఎడమెడముగా ఒక తాత్కాలిక చుట్టు. అది పరంజా వంటిది. చివరకు అంచు నుండి లోపలికి వస్తూ, ఆ తాత్కాలిక చుట్టును విప్పుకుంటూ, జిగురు పోగును దగ్గర దగ్గరగా అమరుస్తుంది. ప్రతి ఆకు వద్దా వెనుక కాలితో పోగును లాగి, ఒకసారి ఒంటిని ఆనించి ముందుకు సాగుతుంది. మేము దూరంగా, గుడ్డ చుట్టిన టార్చి వెలుతురులో చూస్తూ నిలబడ్డాము. మొత్తం పని గంటకు లోపే ముగిసింది.

కూడలి చిత్రం పదకొండో ఉదయాన కుదిరింది. వెనుక గొడుగు నలుపు, పక్క నుండి ఎండ. తెర మీద ఆకు పోగు బిగించిన తీగలా నిలువుగా ఉన్నది. జిగురు పోగు పూసల దండలా కొంచెం వేలాడుతూ వచ్చి దానికి తగిలి, అక్కడ ఒక చిన్న మచ్చలా అంటుకొని, మళ్లీ సాగిపోయింది. పైనుండీ లేదు, కిందినుండీ లేదు. అబ్బాజాన్ వేలితో తెర మీద ఆ దారి వెంట మూడుసార్లు నడిచారు.

"ఇది నేత కాదు బేటా, అతుకు" అన్నారు. "దీనికి సాలె అని పేరు పెట్టిన వాడు మగ్గం ఎక్కి ఉండడు." కాసేపాగి, "కానీ పడుగు బిగింపు చూడండి. ఒక్కటీ వదులు లేదు. నాకు కొత్తలో అది చేతకాక మా ఉస్తాద్ చేత ఎన్ని మాటలు పడ్డానో" అని నవ్వారు.

ఆ చిత్రాన్ని పెద్దదిగా అచ్చు వేయించి గోడకు తగిలిద్దామని పిల్లలు అడిగారు. ప్రాణుల చిత్రాలను ఇంట్లో ఉంచే విషయంలో ధార్మిక పండితుల అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నవి. మా ఇంట్లో పెద్దలు పాటించే జాగ్రత్తను మేమూ పాటిస్తాము. సాలీడు లేని కూడలి చిత్రాన్ని మాత్రం అబ్బాజాన్ మంచం పక్కన ఉంచాము. అందులో ప్రాణి లేదు, దారమే ఉన్నది.

కెమెరా అన్న మాట లాటిన్ భాషలో గది అని అర్థమిచ్చే పదం నుండి వచ్చినదని పాఠకుల్లో కొందరికి తెలిసే ఉంటుంది. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ 11వ శతాబ్దంలో తన 'కితాబుల్ మనాజిర్' గ్రంథంలో, చూపు కంటి నుండి బయలుదేరదని, వస్తువు నుండి కాంతి కంటికి చేరడం వల్లనే మనకు కనబడుతుందని వివరించారు. చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా కాంతిని పంపి ఆయన ప్రయోగాలు చేశారు. ఆ గదిని అరబ్బీలో అల్ బైతుల్ ముజ్లిమ్ అంటారు, అంటే చీకటి ఇల్లు. ఖుర్ఆన్‌లో సాలెగూటికి వాడిన మాట కూడా బైత్, ఇల్లే. ఒక ఇంటి లోపలి చీకటిలో మరో ఇంటిని బంధిస్తున్నామన్న మాట.

అల్ అన్‌కబూత్ సూరా 41వ ఆయతులో అల్లాహ్‌ను కాదని వేరెవరినో రక్షకులుగా పట్టుకునే వారిని ఇల్లు కట్టుకునే సాలీడుతో పోల్చడం, ఇళ్లన్నింటిలో దాని ఇల్లే బలహీనమైనదని చెప్పడం మనకు తెలిసినదే. సాలీడు దారం తన బరువును బట్టి చూస్తే ఉక్కుకు తీసిపోని గట్టిదన్న సంగతి నేర్చుకున్న విద్యార్థులు కొందరు దీనిని చూసి సందేహపడతారు. వారికి మేము చెప్పేది ఇంతే: అక్కడ ప్రస్తావన దారానిది కాదు, ఇంటిది. ఆ ఇంటికి పైకప్పు లేదు. ఎండను ఆపదు, వానను ఆపదు. మేము గొడుగు పట్టి కాపలా కాసిన గూటిని ఒక మధ్యాహ్నపు జల్లు రెండు నిమిషాల్లో పీలికలు చేసింది. అదే ఆయతులో సాలీడుకు స్త్రీలింగ క్రియ వాడబడటాన్ని, గూడు కట్టేది ఆడదేనన్న విజ్ఞానానికి నిదర్శనంగా కొందరు చూపుతారు. అరబ్బీలో ఆ పదం సాధారణంగా స్త్రీలింగమే. వ్యాకరణంతో సరిపోయే చోట అంతకు మించి లాగడం మాకు సమ్మతం కాదు. సౌర్ గుహ ద్వారం వద్ద సాలీడు గూడు అల్లిందన్న ప్రసిద్ధ వృత్తాంతం ప్రామాణికతపై కూడా హదీసు పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నవి. అయినా మా దాదీమా ఆ కథ చెప్పి, బూజు దులిపేటప్పుడు సాలీడును మాత్రం గుడ్డలో పట్టి పెరట్లో వదిలించేది. ఆ అలవాటు మాలో మిగిలింది.

పాకాల వైపు పోయే దారిలో ముళ్లపొదల మీద మరో రకం గూళ్లు కనిపిస్తాయి. ఇవి చక్రాలు కావు. ఆకులు, పుల్లలు కలిపి చుట్టిన బూడిదరంగు మూటలు. స్టెగోడైఫస్ అనే ఈ సాలీళ్లు పదులు, వందలుగా కలిసి బ్రతుకుతాయి, కలిసి వేటాడతాయి. వీటి దారానికి జిగురు ఉండదు. దగ్గరగా తీసిన చిత్రంలో ఏకిన దూదిలా నూగుతో కనబడుతుంది. కీటకం కాళ్లు ఆ నూగులో చిక్కుకుంటాయి. వీటికి ఎదురు వెలుతురు పనికిరాదు, అంతా తెల్లని ముద్దగా వస్తుంది. మబ్బు పట్టిన ఉదయపు మెత్తని వెలుతురు కావాలి. ఈ జాతిలో తల్లి తన ఆహారాన్ని కక్కి పిల్లలకు పెడుతుంది. చివరకు తన శరీరాన్నే వాటికి ఆహారంగా వదిలేస్తుంది. ఆ దృశ్యం మాకు దొరకలేదు. దొరికినా తీసేవాళ్లమో లేదో. పాకాల చెరువు చుట్టూ ఉన్నది అభయారణ్యం కనుక లోపలికి కెమెరాతో పోదలచిన వారు అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

నవంబరు మూడో వారానికి తంగేడు పొద మీది మా సాలీడు గూటికి కొంచెం ఎగువన, ఆకుల చాటున, పట్టు సంచి ఒకటి కట్టింది. అందులో వందల కొద్దీ గుడ్లు ఉంటాయి. తరువాత నాలుగు రోజులు గూడు కొత్తగా వేయలేదు. అయిదో రోజు సాలీడే లేదు. సంచి మాత్రం ఉన్నది. అది ఎలా అల్లబడిందో, అందులో పైనుండి కిందినుండి పోయే పోగు ఏమైనా ఉన్నదో చూసి చెప్పమని అబ్బాజాన్ అడుగుతున్నారు. దానికి మా గొట్టాలు చాలవు. ఇంకొక 25 మిల్లీమీటర్లది కావాలి. హైదరాబాద్ పోయే బంధువులకు చెప్పి ఉంచాము.